వెనక్కి తగ్గని రొట్టెలత్త

ఏంటే అమ్మడూ ఆ మొహం? డ్రైవింగ్ టెస్టు మళ్ళీ పోయిందా? రివర్సులోనేనా? వెనక పెట్టిన డబ్బాలన్నీ గుద్దేశావా? అన్నీనా? ఒక్కటైనా మిగల్చలేదా? అయ్యో అయ్యో, ఆగు, కాస్త నవ్వనీ, నవ్వి మాట్లాడతా. నిన్ను చూసి కాదే, ఒట్టు. ఇది మన రక్తంలోనే ఉందేమోనని నవ్వొచ్చింది. మీ అమ్మ నీకు రొట్టెలత్త గురించి చెప్పలేదా? అసలు పేరే వినలేదా? ఇదిగో, ఇదీ మీ వరస. ఆవిడ కట్టిన ఇంట్లో తిరుగుతారు, ఆవిడ వేసిన మెట్ల మీద కూర్చుని ఫోన్లు నొక్కుతారు, ఆవిడెవరో తెలీదు. ఆ చెప్పులు అక్కడ విడిచి ఇలా రా. మెల్లిగా, లోపల మీ తాత పడుకున్నాడు. లేచాడంటే మధ్యలో దూరి 'అలా కాదు, ఇలా' అని మొత్తం పాడుచేస్తాడు. ఆయనకీ ఇందులో ఒక చిన్న వేషం ఉందిలే. వస్తుంది, తొందరపడకు.

రొట్టెలత్త అంటే మా మేనత్త, మా నాన్నకి అక్క. మా ఊళ్ళో కాలేజీ లేదని నన్ను ఇక్కడ, ఇదే ఇంట్లో, ఆవిడ దగ్గర ఉంచి చదివించారు. అత్తకి పిల్లల్లేరు, ఈ ఇల్లు తర్వాత నాకే రాసింది. ఇదిగో ఈ ముందు గది, ఇప్పుడు మీ నాన్న బూట్లు కుప్పపోస్తాడే, అదే బేకరీ. భట్టీ వంటింటి పక్కన ఉండేది. భట్టీ దగ్గర మావయ్య, కౌంటర్లో అత్త. మావయ్య నోట్లో నాలుక లేని మనిషి. పిండి కలపడం, రొట్టె కాల్చడం, అత్త మాట్లాడుతుంటే వినడం, అంతే ఆయన ప్రపంచం. కనురెప్పల మీద కూడా మైదా ఉండేది, రెప్ప వేస్తే రాలేది. అత్త పూర్తిగా తలకిందులు. మనిషీ భారీ, గొంతూ భారీ. ఆవిడకో జబ్బుండేది, జోకు చెప్పేముందే నవ్వేసేది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, 'ఏం చెప్పబోయానే?' అని నన్నడిగేది. నాకేం తెలుసు! అయినా షాపులో ఉన్నవాళ్ళంతా అప్పటికే నవ్వుతుండేవాళ్ళు. రొట్టె కోసం వచ్చి, నవ్వేసి, రొట్టె మర్చిపోయి వెళ్ళి, మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఆసుపత్రికి పొద్దున్నే రొట్టెలు ఇచ్చే పని వీళ్ళదే. ఇల్లు గడిచేది దాని మీదే అనుకో. మొదట్లో తోపుడు బండి మీద పంపేవాళ్ళు. వానొస్తే రొట్టెలు నానేవి, ఎండకి గట్టిపడేవి, ఆసుపత్రి వంటాయన మొహం మాడ్చుకునేవాడు. అప్పుడు ఊళ్ళో ఒక డాక్టరు వేరే ఊరికి వెళ్ళిపోతూ తన పాత కారు అమ్మకానికి పెట్టాడు. మావయ్య వెళ్ళి మాట్లాడొచ్చాడు. అంత పెద్ద కారు అంత తక్కువకి ఎందుకిస్తున్నాడని ఎవరూ అడగలేదు. ఆకుపచ్చ కారు, గుండ్రటి వీపు. హారన్ నొక్కితే బాతు అరిచినట్టు అరిచేది. ఊరంతా దాన్ని బాతు అనేవాళ్ళు. మావయ్యకి యంత్రాలంటే భయం, కుట్టుమిషను దగ్గరికి కూడా వెళ్ళేవాడు కాదు. 'నేను నేర్చుకుంటా' అంది అత్త. ఆ రోజుల్లో ఆడవాళ్ళు కారు నడపడం ఎక్కడుందే! డాక్టరు దగ్గర పనిచేసిన ముసలి డ్రైవరు నేర్పాడు. క్లచ్చి నేర్పాడు, బ్రేకు నేర్పాడు, మలుపులు నేర్పాడు. అంతే. ఇంకేం నేర్పలేదు. ఆవిడా అడగలేదు.

మొదటి రోజు బాతుని ఝామ్మని ముందు గేటులోంచి లోపలికి తెచ్చి, పెరటి గోడకి ముక్కు ఆనించి ఆపింది. దిగి, చెమట తుడుచుకుని, గోడకేసి చూసి, 'ఏమండీ, రేపు ఇది ఇటువైపు నుంచి బయటికెలా వెళ్తుంది?' అంది. మావయ్య లోపలికెళ్ళాడు. ఓ గునపం తెచ్చి పెరటి గోడ పగలగొట్టడం మొదలుపెట్టాడు. అత్తకి అందులో వింతేమీ తోచలేదు. 'డాక్టరుగారి బంగళాకీ రెండు గేట్లు ఉన్నాయే, కారన్నాక రెండు గేట్లు ఉండాలి' అంది నాతో, ఎంతో తెలిసినదానిలా. నేనూ తలూపాను. నాకు మాత్రం కారు గురించి ఏం తెలుసు? అదిగో, నువ్వు సైకిలు ఆనిస్తావే, ఆ వెనక గేటు అలా వచ్చిందే ఈ ఇంటికి.

ఇక రోజూ అదే దారి. వెనక గేటులోంచి బయటపడి, సందులోంచి ఆసుపత్రికి, అక్కణ్ణుంచి స్టేషన్ దగ్గర టీ కొట్లకి, బజారు చుట్టి ముందు గేటుకి. గుండ్రంగా, గానుగెద్దులా. ఎక్కడైనా ఏదైనా మర్చిపోయామనుకో, మళ్ళీ ఊరంతా చుట్టి రావాల్సిందే. ఒకసారి నేను పక్కన కూర్చుని ఉండగా, నా రుమాలు ఎగిరి బజారులో పడింది. అదిగో అక్కడ, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఆగి దిగుదామంటే వెనక బళ్ళవాళ్ళు ఆగనిస్తేనా? మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ స్టేషను, మళ్ళీ బజారు! దాటిన ప్రతిచోటా జనం, 'ఏంటత్తా మళ్ళీ?' 'రుమాలు పడిందయ్యా!' తీరా వెళ్తే పళ్ళ కొట్టావిడ దాన్ని తీసి మడత పెట్టి ఉంచింది.

అలా ఎన్ని నెలలు గడిచాయో. ఓ రోజు స్టేషన్ దగ్గర మా ముందు జీపొకటి ఆగి ఉంది. ఉన్నట్టుండి అది మెల్లిగా మావైపు రావడం మొదలుపెట్టింది. వీపు ముందుకి పెట్టుకుని! అత్త గుండె ఆగినంత పనైంది. కిటికీలోంచి సగం బయటికొచ్చి, 'ఓరి నాయనోయ్, బండి జారిపోతోంది! ఎవరైనా రాయి పెట్టండర్రా! రాయి!' అని అరిచి, రాయి దొరక్క, బన్నుల డబ్బా తీసి దాని చక్రం కింద పడేసింది. డబ్బా పచ్చడైంది, బన్నులు రోడ్డంతా దొర్లాయి. జీపు డ్రైవరు దిగి, 'ఏంటమ్మా ఇది, రివర్స్ చేస్తున్నా, కనబడట్లా?' అన్నాడు. 'ఏం చేస్తున్నావ్?' 'రివర్సమ్మా, రివర్స్! వెనక్కి పోనిస్తున్నా!' అత్త ఓ క్షణం వాణ్ణి చూసి, 'ఆఁ, తెలుసులే, నాకు తెలీదా, నువ్వు సరిగ్గా చేయట్లేదని చెప్తున్నా' అని కిటికీ ఎక్కించేసింది. ఇక ఇంటికొచ్చేదాకా దారిలో కనబడిన ప్రతి బండినీ మెడ తిప్పి తిప్పి చూసింది.

ఇంటికొచ్చి భట్టీ ముందు నిలబడి, 'ఏమండీ, కార్లు వెనక్కి కూడా వెళ్తాయటగా?' అంది. మావయ్య పిండి పిసుకుతూనే, 'వెళ్తాయి' అన్నాడు. 'మనది?' 'వెళ్ళదు. ఆ గేరు ఎప్పుడో విరిగిపోయిందట, దానికి సామాను దొరకదట. డాక్టరు చెప్పే అమ్మాడు.' 'మరి నాకెందుకు చెప్పలేదు?' ఆయన చేతులు తుడుచుకున్నాడు. 'ఆ రోజు నువ్వు కారు చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నావు. చెప్పబుద్ధి కాలేదు' అన్నాడు. ఆయన జీవితంలో అంత పొడుగు మాట అదొక్కటేనేమో. నేను ఇప్పుడు జగడమవుతుందనుకున్నా. అత్త ఏం చేసిందో తెలుసా? పీట మీద కూలబడి, 'వెనక్కి పోతుందని... రాయి పెట్టమన్నానండీ!' అంటూ మొదలుపెట్టింది నవ్వు. మావయ్య నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. మైదా పొగలా లేచింది.

కానీ ఒక ముప్పుందే. అప్పుడే పోలీసులు బళ్ళని తనిఖీ చేయడం మొదలైంది. రివర్స్ లేదని తెలిస్తే బాతుని రోడ్డెక్కనివ్వరు. బాతు లేకపోతే ఆసుపత్రి పని పోతుంది, అది పోతే బేకరీ మూతే. అందుకని ఈ సంగతి మా ముగ్గురి మధ్యే ఉండిపోవాలని అత్త నాతో ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నా. మన వెనక సందు ఉంది చూడు, ఆసుపత్రి వైపు దిగుతుందే, నిలువు పల్లం. దాని చివర బట్టల షావుకారు ఇల్లు. పెద్ద మేడ. వీధిలో సగంమంది ఆయన కొట్లో పనివాళ్ళే, అందుకే ఆయన తుమ్మితే వీధంతా చిరంజీవ అనేది. ఆయన సందు చివరి జాగా కొన్నాడు. కొని, ఎవరితోనూ చెప్పకుండా, సందుకి అడ్డంగా ఇంతెత్తు గోడ లేపేశాడు. ఆసుపత్రికి, బడికి, అందరికీ అదే దారి. ఇక ఊరంతా తిరిగి వెళ్ళాలి. లోలోపల తిట్టుకున్నారు కానీ ఒక్కరూ ఎదురెళ్ళి అడగలేదు. మాకీ సంగతే తెలీదు, ఎందుకంటే అప్పుడు భట్టీ పాడై బేకరీ కొన్నాళ్ళు మూసేసి, ముగ్గురం మా ఊరెళ్ళాం. భట్టీ బాగయ్యాక, మొదటి రోజు, వేడి వేడి రొట్టెలు ఎక్కించుకుని, అత్తా నేనూ బయల్దేరాం. పాట పాడుకుంటూ మలుపు తిరిగి పల్లంలోకి దిగామా, ఎదురుగా గోడ! అత్త బ్రేకు మీద నిలబడింది. బాతు ముక్కు గోడకి జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో ట్రేల మధ్య కూర్చున్న నా ఒళ్ళో రొట్టెలు వచ్చి పడ్డాయి.

'చచ్చాం' అంది అత్త, నాకొక్కదానికే వినబడేలా.

పైన బాల్కనీలోంచి షావుకారు, 'ఏయ్, ఎవరది? దారి లేదిక్కడ. వెనక్కి తియ్!' అన్నాడు. అలాగే అన్నాడు, తియ్ అని, పనిమనిషినన్నట్టు. అత్త తలెత్తి, 'తియ్యను!' అంది. ఏం చేస్తుంది మరి? ఆ ఎత్తు మీదకి బరువు బండి నెట్టాలంటే పదిమంది కావాలి, నెట్టించుకుంటే గుట్టు రట్టవుతుంది. పైగా అరుపులు విని వచ్చిన కానిస్టేబులు అప్పటికే మా పక్కన నిలబడి ఉన్నాడు. 'తియ్యనంటే ఏంటి?' అన్నాడు షావుకారు. 'తియ్యనంటే తియ్యను. నేను రోజూ ముందుకెళ్ళే దారి ఇది. ముందుకే వెళ్తాను.' అంతే! చుట్టుపక్కల కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. 'రొట్టెలత్త షావుకారుకి ఎదురు తిరిగిందట!' క్షణాల్లో సందంతా జనం. ఎప్పుడూ నోరెత్తనివాళ్ళు, 'మా దారి మాకివ్వాలి' అని అరుస్తున్నారు. అత్త అద్దంలోంచి నన్ను చూసి, 'వీళ్ళేంటే, నేనేదో పోరాడుతున్నాననుకుంటున్నారు' అంది. 'ఇప్పుడేం చేద్దామత్తా?' 'ఏం చేస్తాం, కూర్చుందాం.' చేతులు కట్టుకుని మహారాణిలా కూర్చుంది. బ్రేకు మీద కాలు మాత్రం తియ్యలేదు.

ఎవరో వెళ్ళి చెబితే మావయ్య పరుగెత్తుకొచ్చాడు, మోచేతుల దాకా పిండితో. జనం ఆయన్ని చుట్టేసి, 'ఏమయ్యా, మీ ఆవిడకి ఎంత ధైర్యం!' అంటున్నారు. మావయ్య కారుని చూశాడు, గోడని చూశాడు, అత్తని చూశాడు. గొంతు సవరించుకుని, 'తను వెనక్కి తగ్గదు' అన్నాడు. అబద్ధం చెప్పలేదు చూడు! అక్షరాలా నిజం! ఇక జనం అందుకున్నారు, 'అత్త వెనక్కి తగ్గదు! అత్త వెనక్కి తగ్గదు!' అని. అత్తకి లోపల నవ్వు తన్నుకొస్తోంది. నవ్వితే పరువు పోతుందని స్టీరింగు మీద తల పెట్టేసుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అది చూసి, 'పాపం ఏడుస్తోంది' అని పళ్ళ కొట్టావిడ కూడా ఏడ్చేసింది!

షావుకారు కిందికి దిగొచ్చాడు. బతిమాలాడు, బెదిరించాడు, 'నా జాగా, నా గోడ' అన్నాడు. ఆసుపత్రి వంటాయన గోడకి అవతలి పక్కనుంచి, 'రొట్టెలేవమ్మా, పేషెంట్లు కూర్చున్నారు!' అని కేకలు. మావయ్య గోడ మీద నుంచి రొట్టెల ట్రేలు ఒక్కొక్కటే అందించాడు. ఇంత గోలలో, మేడ తలుపు తెరుచుకుని పెద్దావిడ ఒకావిడ, బక్కపల్చగా, గోడ పట్టుకుని పట్టుకుని వచ్చింది. షావుకారు తల్లి. ఆవిడ పై గదిలోంచి దిగి ఏళ్ళయిందట. కొడుకు ప్రేమే అనుకో, పడిపోతావమ్మా, మోకాళ్ళమ్మా అని దిగనిచ్చేవాడు కాదు. రోజంతా కిటికీలోంచి సందులో వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చునేదట. ఇప్పుడు ఆ కిటికీకి కనిపించేది ఇటుకలు! ఆవిడ సరాసరి కారు దగ్గరికొచ్చి, 'రోజూ పైనుంచి చూస్తుంటాను అమ్మాయ్, ఇందులో ఎక్కితే ఎలా ఉంటుందోనని. ఎక్కనా?' అంది. అత్త తలుపు తీసింది. పెద్దావిడ ముందు సీట్లో కూర్చుని, చీర సర్దుకుని, గోడకేసి చూస్తూ, 'ఊఁ, పోనీ' అంది.

షావుకారుకి తల ప్రాణం తోకకొచ్చింది. 'అమ్మా, దిగు. అందరూ చూస్తున్నారు.' 'చూడనీ. నేను వాళ్ళని చూడాలనే వచ్చా.' 'ఎండమ్మా!' 'గొడుగు పంపు. అన్నం కూడా ఇక్కడికే పంపు. పరుపు కూడా పంపించు, ఎంతసేపవుతుందో ఏమో.' పాపం ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి కాలేజీలో చదివే కొడుకుని పంపాడు, నాయనమ్మని ఎలాగో దింపమని. ఆ అబ్బాయి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి నసుగుతుంటే పెద్దావిడ, 'నువ్వూ ఎక్కరా, వెనక చోటుంది' అంది. ఎక్కి, చూసుకోకుండా నా పక్కనున్న బన్నుల ట్రేలో కూర్చున్నాడు. పూర్తిగా, బరువంతా వేసి. లేస్తే ప్యాంటుకి బన్ను అంటుకుంది. నేను నవ్వలేక చచ్చాను. నవ్వకు, నవ్వకు, ఆ అబ్బాయి ఎవరనుకుంటున్నావ్? లోపల గురక పెడుతున్నాడే, ఆయనే! మీ తాత! ఆఁ, మరి? షావుకారు ఎవరు మరి? మీ ముత్తాత! ఇందాకటి నుంచి ఆయన్ని తిట్టుకుంటూ విన్నావుగా, నీ ముక్కు ఆయనదే, అద్దంలో చూసుకో.

సరే, ఎక్కడున్నాను? ఆఁ. పెద్దావిడ చెయ్యి పెట్టి స్టీరింగు తడుముతూ, 'ఇది వెనక్కి ఎలా వెళ్తుంది అమ్మాయ్?' అని అమాయకంగా అడిగింది. అత్త ఆవిడ చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలుసుగా! పెద్దావిడ కళ్ళు ఇంతయ్యాయి. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. అడ్డం ఆగలేదు, కొంగు జారింది. చిన్నపిల్లలా, పళ్ళు లేని నోరంతా తెరిచి, పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తకి అంటుకుంది. అత్తకి అంటుకుంటే నాకు, నాకు అంటుకుంటే ఏమీ తెలీని మీ తాతకి. కారు మొత్తం ఊగిపోతోంది. బయట షావుకారు మాట మధ్యలో ఆపేసి, అలా నిలబడిపోయాడు తల్లినే చూస్తూ. తర్వాత వెనక్కి తిరిగి, ఎవర్నో పిలిచి, 'మేస్త్రీని రమ్మను' అన్నాడు.

గోడ కట్టిన మేస్త్రీయే వచ్చి, 'నిన్న కట్టమన్నారు, నేడు కొట్టమంటున్నారు' అని సణుక్కుంటూ కొట్టాడు. జనం తలో ఇటుకా తీశారు. మావయ్య అందరికంటే ముందు. దారి పడగానే అత్త హారన్ నొక్కింది, బాతు అరిచింది, ముందుకి పోనిచ్చింది చూడు! పెద్దావిడ దిగితేనా? ఆసుపత్రి దాటాం, స్టేషన్ దాటాం, బజారు దాటాం, 'ఇంకో చుట్టు' అంటుంది. మళ్ళీ సందు దగ్గరికొస్తే, 'ఇంకో చుట్టు.' పెట్రోలు అయిపోయేదాకా తిప్పించింది. ఆ తర్వాత రోజూ పొద్దున్న ముందు సీటు ఆవిడదే, పోయేదాకా. రొట్టెలతో పాటు వెళ్ళి, ఆసుపత్రిలో వంటాయనతో కబుర్లు చెప్పి వచ్చేది. మీ తాత కూడా నాయనమ్మకి తోడని వంక పెట్టి వెనక సీట్లో ఎక్కేవాడు. ట్రే చూసుకుని కూర్చోవడం మాత్రం నేర్చుకున్నాడు. అలా అలా, ఆ వెనక సీట్లోనే మా పెళ్ళి కుదిరింది అనుకో. షావుకారు కాదనలేదు.

ఇదంతా అయిన ఎన్నో ఏళ్ళకి, మా మామగారు, అదే షావుకారు, మంచాన పడ్డారు. బాతు ఎప్పుడో తుక్కు కిందకి పోయింది, మావయ్య కూడా పోయాడు. అత్త కర్ర పట్టుకుని చూడటానికొచ్చింది. ఆయన లేచి కూర్చోబోయారు. 'చెల్లెమ్మా, ఓ మాట చెప్పాలి. ఆ రోజు మీరలా నిలబడ్డారు కాబట్టి మా అమ్మ నవ్వడం చూశాను. నాకు ఊహ తెలిశాక అదే చూడటం. మీ అంత గుండె ధైర్యం ఉన్న మనిషిని నేనెరగను' అన్నారు. నేను పాలగ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అత్త పెదాలు బిగించింది. నాకర్థమైపోయింది, ఇక ఆగదని. ఆగలేదు. 'అయ్యో అన్నయ్యగారూ, నేను నిలబడలేదండీ, ఇరుక్కుపోయాను!' అంది. ఆయనకి అర్థం కాలేదు. 'ఆ కారుకి రివర్స్ లేదండీ! అసలు లేదు! మీరు వెనక్కి తియ్ అంటే ఎలా తియ్యను?' మా మామగారు ఆవిణ్ణి అలాగే చూశారు. నన్ను చూశారు. 'నీకు తెలుసా?' అన్నారు. తలూపాను. 'మా అమ్మకి?' 'ఆవిడ నవ్వింది అందుకేనండీ!' అంది అత్త. ఇక చూడు. మంచం కిరకిరలాడిపోయింది. ఆయన నవ్వితే అచ్చం పెద్దావిడ నవ్వే, ఆ నోరు తెరవడం, ఆ పొట్ట పట్టుకోవడం, అన్నీ. అది నేను అప్పుడే చూశాను. అత్త కర్ర పడేసి మంచం కోడు పట్టుకుని నవ్వుతోంది, నేను గ్లాసులో పాలన్నీ ఒలకబోసుకున్నాను, మీ తాత ఏమైందోనని పరుగెత్తుకొచ్చి, 'ఏంటి, ఏంటి?' అని అడుగుతున్నాడు, చెప్పడానికి ఒక్కరికీ ఊపిరి అందట్లేదు...

ఊఁ? తర్వాతా? తర్వాత ఏముందే.

లే, వెళ్ళి మీ తాతని లేపు. ఇంతసేపు పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు, నన్ను పడుకోనివ్వడు.